సంతకం పెట్టే ముందు క్యాంపుకు రండి

అబుదాబి పారిశ్రామికవాడ ఐకాడ్‌లో సబ్‌కాంట్రాక్టులు నడిపే, కంపెనీల్లో హెచ్‌ఆర్ సీట్లలో కూర్చునే తెలుగు అన్నలారా, అక్కలారా! పెద్ద ముదీర్లు, అంటే మేనేజర్లు, ఈ కాగితం చదవలేరు. మీరు చదవగలరు కాబట్టి మీకే రాస్తున్నాం.

ప్రాజెక్టు అయిపోయింది, నలభై మందిని తగ్గించాలంటే మీ ముందున్న షీట్‌లో నలభై పేర్లే కనబడతాయి. జగిత్యాల దగ్గరో రాజంపేట దగ్గరో వీసాకు అప్పిచ్చినాయన, దానికి జామీను ఉన్న బావమరిది, ఈ జీతంతో బడి ఫీజు కట్టే ఇల్లాలు అందులో ఉండరు. నూటికి రెండు రూపాయల మిత్తికి లక్షన్నర తెచ్చినవాడు నెలకు మూడు వేలు మిత్తికే పంపాలి. ఇక్కడ పని ఆగిందని అక్కడ మిత్తి ఆగదు.

చట్ట ప్రకారమే చేస్తున్నామంటారు. గ్రాట్యుటీ సంగతే చూడండి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ ఇవ్వాలి. 1,200 దిర్హాంల జీతంలో బేసిక్ 600 అని రాస్తే ఐదేళ్లకు వచ్చేది 2,100. అదే బేసిక్ 1,000 అయితే 3,500. చట్టం మిమ్మల్ని తప్పు పట్టదు. మేం పడతాం.

ఆఫర్ లెటరూ అంతే. 2016 నిబంధనతో కార్మికుడికి తెలిసిన మూడో భాషలోనూ అది ఉండాలన్నారు. అప్పటి జాబితాలో హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. మీరు పావుగంట కూర్చుని చదివి వినిపిస్తే ఆ లోటు తీరుతుంది.

వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని ఆపుతున్నారు, సంతోషం. ఆ గంటలు పూడ్చడానికి తెల్లారుజామున మూడున్నరకే బస్సెక్కిస్తే మా నిద్ర ఎవరి లెక్కలో రాయాలి?

మమ్మల్ని అడక్కుండా చేస్తే ఏమవుతుందో ఢిల్లీకి తెలుసు. 2020 సెప్టెంబరులో గల్ఫ్ కనీస వేతనాల సిఫారసును 30 నుంచి 50 శాతం దాకా తగ్గించారు. ఉద్యోగాలు నిలబెట్టడానికే అన్నారు. వ్యవహారం తెలంగాణ హైకోర్టుకెక్కింది, మరుసటి ఏడాది వెనక్కి తీసుకున్నారు.

టెండరు రేట్ల పోటీ మాకు తెలియనిది కాదు. అయినా నోటీసు 30 నుంచి 90 రోజుల మధ్య ఎంతైనా పెట్టుకోవచ్చని చట్టంలో ఉంటే అందరూ 30 దగ్గరే ఆగుతున్నారు. మాకు 60 ఇవ్వండి. మనుషులను తగ్గించేటప్పుడు, షిఫ్టు మార్చేటప్పుడు, క్యాంపు మార్చేటప్పుడు ముందు మమ్మల్ని అడగండి.

వచ్చే సెలవు రోజు సాయంత్రం మెస్ దగ్గరే ఉంటాం. రండి, చాయ్ మాది.

— ఐకాడ్ క్యాంపుల తెలుగు కార్మికులు