రెండో కాగితం

మధ్యవర్తిత్వం నేర్పే తరగతుల్లో ఒక అభ్యాసం చేయిస్తారు. ఇద్దరు విద్యార్థులను ఎదురెదురుగా కూర్చోబెట్టి చెరో కాగితం ఇస్తారు. తగాదా ఒకటే. ఇల్లు ఖాళీ చేయమంటున్న యజమాని ఒకరు, కదలనంటున్న అద్దెదారు ఇంకొకరు అనుకుందాం. ఎవరి కాగితంలో వాళ్ల గుట్టు ఉంటుంది. ఎండాకాలంలో కూతురి పెళ్లి, అప్పటికి ఇల్లు కావాలని ఒకదాంట్లో. పిల్లాడి పదో తరగతి పరీక్షలు అయిపోతే వెళ్లిపోతామని రెండోదాంట్లో. అవతలివారి కాగితం మాత్రం చూడకూడదు.

కాసేపటికే గొంతులు పెరుగుతాయి. ఉత్తుత్తి తగాదా అని తెలిసినా పౌరుషం మాత్రం నిజంగానే వచ్చేస్తుంది. అంతా అయ్యాక కాగితాలు మార్చుకుని చదవమంటారు. ‘ఈ మాట ముందే చెప్పొచ్చుగా’ అని ఒకరు. ‘నువ్వు అడిగితేగా’ అని రెండోవారు. పాఠంలో సగం ఆ రెండు మాటల్లోనే ఉంది.

మన దేశంలో కోర్టుల తరఫున మధ్యవర్తులయ్యేవారికి 40 గంటల శిక్షణ ఇస్తారు. 2023లో మధ్యవర్తిత్వానికి విడిగా ఒక చట్టమే వచ్చింది. న్యాయ కళాశాలల్లోనూ పాఠంగా చెబుతున్నారు. వాదించి గెలవడం నేర్చుకుందామని వచ్చిన పిల్లలు వినడం కూడా నేర్చుకుంటున్నారంటే మనసుకు హాయిగా ఉంటుంది. మధ్యవర్తి ఇద్దరితో కలిపి మాట్లాడతారు, తర్వాత విడివిడిగా కూర్చుంటారు. విడిగా చెప్పిన మాట, చెప్పినవారు సరేనంటే తప్ప అవతలి చెవిన పడదు. ఆ భరోసా దొరికాకే మనిషి నోరు విప్పి అసలు సంగతి చెబుతాడు.

ఈ చదువుకు దారి వేసినవారిలో అమెరికాకు చెందిన మేరీ పార్కర్ ఫాలెట్ ఒకరు. 1925 నాటి ప్రసంగంలో ఆమె తనకు జరిగిన చిన్న సంగతి చెప్పారు. హార్వర్డ్ గ్రంథాలయంలో ఒక చిన్న గది. కిటికీ తెరవాలని ఒకరు, మూసే ఉంచాలని ఆమె. చివరికి ఎవరూ లేని పక్క గదిలో కిటికీ తెరిచారు. ఆయన కోరింది కాస్త గాలి. ఆమె వద్దన్నది ఉత్తరపు గాలి తిన్నగా తన మీదికి రావడం. ఇంతేనా అనిపిస్తుంది. మన ఇళ్లలో అన్నదమ్ములకు ఏళ్ల తరబడి మాటల్లేకుండా చేసిన సంగతులు కూడా చాలావరకు ఇంతకంటే పెద్దవి కావు.

ముదిరి కోర్టుకెక్కితే ఇక చెప్పేదేముంది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మనవాళ్లు ఊరికే అనలేదు.

1893లో ఒక వ్యాజ్యం పని మీద దక్షిణాఫ్రికా వెళ్లిన యువ న్యాయవాది గాంధీకి ఇది త్వరగానే అర్థమైంది. ఆ వ్యాజ్యంలో ఎదురెదురు పక్షాలైన దాదా అబ్దుల్లా, తయ్యబ్ సేఠ్ దగ్గరి చుట్టాలు, ఒకే ఊరివాళ్లు. దావా 40,000 పౌండ్లకు. వకీళ్ల ఖర్చులు పెరిగిపోతుంటే చూడలేక, గాంధీ ఇద్దరినీ బతిమాలి ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట ఒకరు ఇచ్చే తీర్పుకు ఒప్పించారు. దాదా అబ్దుల్లా గెలిచారు. గాంధీ ఆయన తరఫు మనిషే. అక్కడితో పని అయిపోయిందనుకోవచ్చు.

కానీ అంత సొమ్మూ ఒకేసారి కట్టాలంటే తయ్యబ్ సేఠ్ దివాలా తీయాలి. అక్కడి పోర్‌బందర్ మేమన్ వర్తకులకు దివాలా కంటే చావే నయం. ఓడినవారి కాగితం కూడా గాంధీ చదివారనిపిస్తుంది నాకు. వాయిదాల మీద పుచ్చుకోమని తన కక్షిదారుకే నచ్చజెప్పారు. ఆర్బిట్రేషన్‌కు ఒప్పించడం కంటే ఇదే ఎక్కువ కష్టమైందని ఆత్మకథలో రాసుకున్నారు. గెలిచినవాడికి నచ్చజెప్పడం మరి అంత తేలికా! అయినా దాదా అబ్దుల్లా చాలా కాలం మీద కొద్దికొద్దిగా తీసుకోవడానికి ఒప్పుకున్నారు. అక్కడివాళ్ల దృష్టిలో ఇద్దరికీ గౌరవం పెరిగింది.