ఎఱ్ఱసిరా గీత: జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థకు ఒక బహిరంగ లేఖ

జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారిగారి సముఖమునకు,

మహాశయా,

శ్రీకాకుళము జిల్లాలోని యొక ప్రభుత్వాసుపత్రి రికార్డు గదిలో 31 సంవత్సరములు గుమాస్తాగా నుండి, చెదపురుగులతోను కోర్టు సమనులతోను సమానముగా పోరాడి, పదవీ విరమణము చేసిన సామాన్యుడొకడు చేసికొను విన్నపమిది. రాష్ట్రముల ఆసుపత్రులలో దేనికది మూలబడియున్న రోగచరిత్ర లన్నింటిని ఒక్క జాతీయసూత్రమున గ్రుచ్చవలెనని తాము తలపెట్టిన మహాకార్యమును గూర్చి, 2020 ఆగస్టు 15వ తేదీన ఎఱ్ఱకోటపైనుండి ప్రధానమంత్రి ప్రకటించిన నాటినుండియు, ఆఱు కేంద్రపాలిత ప్రాంతములలో పరీక్షింపబడి 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అను పేర దేశమంతటికిని విస్తరించిన తరువాతను, నేను పత్రికలలో చదువుచునే యున్నాను. దానిని వలదనుటకై ఈ లేఖ వ్రాయుట లేదు. వలదను అధికారము, చూచినది చూచిన పిమ్మట, నాకు లేదు.

మా ఉద్దానమునుండి, అనగా కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలముల కొబ్బరితోటల నడుమనుండి, మూత్రపిండముల వ్యాధితో వచ్చువారి చేతనుండు సంచిని తాము చూచి యుండకపోవచ్చును. బట్టల దుకాణమువా రిచ్చిన ప్లాస్టిక్ సంచి యది. అందులో విశాఖపట్నము కింగ్ జార్జి ఆసుపత్రి ఓపీ చీటీ, బరంపురమున తీయించిన స్కానింగు, పలాస ల్యాబువారి క్రియాటినిన్ రిపోర్టులు మూడు, ఎన్నడో ఆర్.ఎం.పి. వ్రాసియిచ్చిన మందులచీటీ, దానిమీద మజ్జిగ మరక, అడుగున రేషను కార్డు నకలు. డాక్టరుగారు తమకున్న రెండు నిమిషములలో ఆ సంచిని బల్లమీద బోర్లించి, తేదీ కనబడిన కాగితములను మాత్రము చూచి, తక్కినవానిని ప్రక్కకు త్రోసి, మరల రక్తపరీక్ష వ్రాయుదురు. ఆ వ్యాధికి మూలకారణ మేదియో నేటికిని నిర్ధారణ కాలేదు. క్రియాటినిన్ ఎన్ని నెలలలో ఎంత పెరిగెనో తెలియుటయే అందు సగము వైద్యము. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రముతో 200 పడకల ఆసుపత్రి వెలసినను, ఆ సంచి మాత్ర మింకను చేత వ్రేలాడుచునే యున్నది. మా తీరపు మత్స్యకారులు గుజరాతులోని వెరావలు రేవునకు పడవపనికి పోవుదురు. అచ్చట జ్వరపడినవానికి తన పాతరోగమును వైద్యునికి చెప్పుకొనుటకు భాషయే లేదు. అట్టివాని చరిత్ర వానికంటె ముందుగా వైద్యుని బల్లమీదికి చేరుట యెంత యుపకారమో నేను వేరుగ చెప్పనక్కఱలేదు.

తమ యేర్పాటులోని సుగుణమును గూడ ముందే యొప్పుకొందును. ఆంధ్రప్రదేశ్ శ్రేణి విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారియైన జె. సత్యనారాయణగారి అధ్యక్షతన సిద్ధమై 2019లో వెలువడిన ప్రణాళిక, దేశములోని కేస్ షీట్లన్నింటిని ఢిల్లీలో నొక్క గాదెలో పోయుమని చెప్పలేదు. ఏ ఆసుపత్రి కాగిత మా ఆసుపత్రియందే యుండును; రోగి సమ్మతించినప్పుడు మాత్రమే అడిగిన వైద్యునికి చేరును. ప్రజారోగ్యమును, ఆసుపత్రులను రాజ్యాంగము రాష్ట్రముల జాబితాలో నుంచిన దేశమున నిది మర్యాదయు వివేకమును గూడ. ఇంగ్లండువారు 2002లో ఇట్టి కార్యమునే అంతయు పైనుండియే నడుపబూని, లెక్కకు మీఱిన ధనము వ్యయించి, 2011లో ఆ కార్యక్రమమును విప్పివేయుచున్నామని ప్రకటించుకొనిరి. ఆ పిమ్మట జనుల వైద్యసమాచారమును ఒకచోట చేర్చబోయిన మఱియొక పథకమును, జనుల విశ్వాసము చాలక, 2016లో మూసివేసిరి. ఆ పాఠము తాము చదివినట్లే యున్నది.

ఇక నా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది.

నేను ఉద్యోగమున చేరిన యైదాఱేండ్లకు, ఒకే యింటిపేరును ఒకే పేరును గల స్త్రీ లిద్దరు ఒకే వారమున మహిళా వార్డులో చేరిరి. మా ప్రాంతమున అప్పలమ్మలకును సన్యాసమ్మలకును కొఱత లేదు. వయస్సడిగినచో “నలభయ్యో, నలభయ్యైదో, తమరే రాసుకోండి బాబూ” అనువారే యెక్కువ. రక్తములో చక్కెర హెచ్చుగా నున్నదని ల్యాబునుండి వచ్చిన చీటీ యొకదానిపై ఐ.పి. నంబరు చివరి యంకె తడికి అలుకుకొనిపోయి యుండగా, నేను దానిని రెండవ యామె కేస్ షీటునకు గ్రుచ్చి, పురికొసతో ముడివైచి, బీరువాలో పెట్టితిని. నెల తరువాత ఆమె కాలిపుండుతో రాగా, డాక్టరుగారు పాత షీటు తెప్పించి చూచి షుగరు మాత్రలు వ్రాసిరి. నాలుగవనాడు జీడితోటలో పిక్కలేరుచు ఆమె సొమ్మసిల్లి పడెనట. మఱునాడు వచ్చి, డాక్టరు గదికి పోక, తిన్నగా రికార్డు గది గుమ్మము ముందర నిలిచి, “నాకు సుగరు నేదు బాబూ. మీ కాయితం సూసుకోండి” అన్నది.

కట్ట విప్పితిని. పదునైదు నిమిషములలో తప్పు బయటపడెను. డాక్టరుగారు ఆమె షీటులోని షుగరు వ్రాతపై ఎఱ్ఱసిరాతో అడ్డముగా గీత గీసి, ప్రక్కన తేదీ వేసి, పొడి సంతకము చేసిరి. నేను చీటీపై అసలు రోగి నంబరును స్పష్టముగా వ్రాసి దానిని ఆ రోగి షీటునకు చేర్చితిని. జీడితోట యామె ఆ గీతను తన కన్నులతో చూచి గాని కదలలేదు. ఆమెకు చదువు రాదు. గీత యనగా నేమో మాత్రము తెలియును.

కాగితముమీది తప్పు కదలని తప్పు. అది మా గదిలో, మా బీరువాలో, మా కట్టలో పడియుండును. పట్టుకొనుటకును కొట్టివేయుటకును ఆ యొక్క గది చాలును. తాము వేయుచున్న బాటలో తప్పునకు కాళ్లు వచ్చును. నా నాటి పొరపాటే నేడు జరిగినచో, ఆ రిపోర్టు మా యూరినుండి విశాఖపట్నమునకును, అచ్చటినుండి భువనేశ్వరమునకును పోయి, పోయిన ప్రతి చోటను పూర్వవైద్యుని మాట యను గౌరవముతో ఆసనము వేసికొని కూర్చుండును. అందును అచ్చక్షరములలో కూర్చుండును. డాక్టర్ల గిలుకుడు వ్రాతను ఎవ్వరును పూర్తిగా నమ్మరు గనుక, అడిగి తెలిసికొందురు గనుక, అది యొక విధముగా రోగికి రక్షణయే యని నేను చాలకాలమునుండి యనుకొనుచున్నాను; తెరమీది స్వచ్ఛమైన పంక్తిని శంకించు ధైర్య మెవ్వరికుండును? మా యాసుపత్రిలో నొక గీత పడినంత మాత్రమున, అంతకుముందే ఆ కాగితమును తీసికొనిపోయిన నాలుగు చోట్లను ఆ గీత పడునా? పడునట్లు చూచు బాధ్యత యెవరిది: మా ఆసుపత్రిదా, తీసికొన్నవారిదా, తమదా? నా లేఖకు ప్రాణము ఈ ప్రశ్నయే.

ఇట్టి తప్పులు మునుపటికంటె తగ్గునని తమ యింజనీర్లు చెప్పవచ్చును. రోగి తన పాత కాగితములను వెదకించుకొనునప్పుడు తమ యంత్రము పేరు, లింగము, పుట్టిన సంవత్సరము, ఫోను నంబరు అను నాలుగు గుర్తులను పోల్చి చూచునని విన్నాను. ఆ నాలుగింటిలో మూడు మావారియందు నిలుకడ లేనివి. ఇంటిపేరు ఆధారులో ముందు, రేషను కార్డులో వెనుక, ఆసుపత్రి చీటీలో ఒంటి యక్షరము. ఇంగ్లీషున వ్రాసినపుడు సూర్యనారాయణ యను పేరు ఎన్ని విధముల రూపొందునో లెక్కించుట తీరికగలవారి పని. పుట్టిన తేదీ తెలియనివారి కెల్ల జనవరి 1 వేసినందున, మా ఊరి ముసలివారిలో పెక్కుమంది ఒకేనాడు పుట్టినట్లు తేలుచున్నది. ఆనాడు మంత్రసానికి తీరిక లేకపోయి యుండును. సంవత్సరము మాత్రము నాడు నమోదు చేసికొన్నవాని యంచనా. ఇక ఫోను ఇంటికొకటి. దాని నంబరు రీచార్జి ఆఫరునుబట్టి మారుచుండును.

పాత రికార్డుల మాట మఱింత చిక్కు. 2007 ఏప్రిలులో ఆరోగ్యశ్రీ తొట్టతొలుత ఆరంభమైన మూడు జిల్లాలలో మాది యొకటి; తక్కినవి అనంతపురము, మహబూబ్‌నగరు. నాడు అర్హతకు గుర్తు తెల్లకార్డు, అనగా కుటుంబము. గుండె ఆపరేషను తండ్రికైనను, చెవి ఆపరేషను బిడ్డకైనను, ఆధారమైన కార్డు సంఖ్య యొక్కటే. ఏండ్లతరబడి కుటుంబము పేర పేర్చిన కాగితములను మనిషి మనిషికిని విడదీసి, తమ మిషన్ ఒక్కొక్కరి కిచ్చు 14 అంకెల ఆభా సంఖ్యలకు ముడిపెట్టునపుడు, తండ్రి గుండె కొడుకు ఖాతాలో పడకుండ చూచువా డెవడు? ఇది యంత్రము చేయు పని కాదు. ఆ యింటికి పోయి, “ఆపరేషను నీకా, మీ నాన్నకా?” అని యడుగువాడు కావలయును.

సమ్మతి విషయమున నొక్క దృశ్యము మనవి చేసెదను. నా భార్య కంటిపరీక్షకై పోయి యొక ఆసుపత్రి వరుసలో నిలిచియుండగా, మా ముందున్న వృద్ధురాలిని కౌంటరులోని యమ్మాయి “అమ్మమ్మా, ఓటీపీ వచ్చిందా?” అని యడిగెను. “ఏటొచ్చిందా అమ్మా?” “ఫోనుకి నంబరొచ్చిందా అని.” “ఫోను మా మనవడికాడుంది. ఆడు ఇసాపట్నంలో ఉన్నాడు.” ఆ యమ్మాయి దయగలది. తన ఫోనుతోనే మనుమని పిలిచెను. అతడు ఎక్కడనో బస్సులోనుండి ఆఱంకెలు చదివెను. వృద్ధురాలి సమ్మతి పూర్తియైనది. దేనికి సమ్మతించెనో ఆమెకును తెలియదు, మనుమనికిని తెలియదు. చెప్పుటకు అమ్మాయికి తీరిక లేదు, మా వెనుక వరుస గేటు దాటి యుండెను. ఆమెను నేను నిందింపను. సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసున గోప్యత ప్రాథమికహక్కని తీర్పు చెప్పెను. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి కోరు నోటీసును రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలలో కోరుకొన్నదాన పొందుటకును, తప్పును దిద్దించుకొనుటకును వ్యక్తికి హక్కు నిచ్చినది. తెలుగు ఆ షెడ్యూలులోనిదే. హక్కు పుస్తకమున నున్నది, కౌంటరున లేదు.

దొంగల సంగతి దీర్ఘముగ చెప్పను. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను దుండగులు బంధింపగా, సుమారు రెండు వారములు అంతటి సంస్థయు కాగితము కలము పట్టుకొన్నదని తమకు తెలియనిది గాదు. ఆ కలము పట్టు చేతులను మాత్రము పూర్తిగా తీసివేయకుడు.

నేను కోరునది పెద్ద వ్యయము కాదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలోను, ఏరియా ఆసుపత్రిలోను ఒక్క కిటికీ పెట్టింపుడు. దానిపై “మీ రికార్డులో తప్పు ఉన్నదా?” అని తెలుగున బోర్డు, లోపల కేస్ షీటు చదువ నేర్చిన మనిషి యొకడు, కాంట్రాక్టు ముగియగనే మాయము కానివాడు. రోగి అడిగినచో ఆతని చరిత్రను తెలుగులో అచ్చుతీసి చేతికిచ్చుట, దానిని ఏయే ఆసుపత్రులవా రెన్నడు చూచిరో చెప్పుట, తప్పు తేలినపుడు డాక్టరు సంతకముతో గీత గీయించి ఆ కాగితము పోయిన ప్రతి చోటికిని కబురు పంపుట వాని పని. ఎవరు చూచిరో తెలిసికొను సదుపాయము వింత కాదు. మొత్తము జనసంఖ్య పదుమూడు లక్షల పైచిలుకైన, అనగా జిల్లాల విభజనకు పూర్వపు మా శ్రీకాకుళము జిల్లాలో సుమారు సగమైన, ఎస్టోనియా దేశమున రోగులకు అది యెన్నడో కలదు. మఱియొకటి. ఏ రాష్ట్ర మెన్ని ఆభా సంఖ్యలు సృష్టించెనని తాము లెక్క లడుగుచుండుటచేత, మా ఆశా కార్యకర్త ఇల్లిల్లు తిరిగి సంఖ్యలు పుట్టించుచున్నది. ఒక్క యేడు ఆ లెక్క మాని, ఏ జిల్లా యెన్ని తప్పులు దిద్దెనని యడిగి చూడుడు. తప్పులు సున్న యని వ్రాసి పంపిన జిల్లాకు మొట్టమొదట తనిఖీకి పోవలసినదని, రికార్డు గది యనుభవముతో, మనవి చేయుచున్నాను.

నా ఆభా కార్డున నా యింటిపేరు రెండక్షరములు తప్పు పడినది. దిద్దించుటకు మూడు పర్యాయములు పోయితిని. ప్రతిసారియు ఫోనుకు సంఖ్య వచ్చును. ఫోను మా యింట మనుమనిది. కావున ఈ లేఖకు ప్రత్యుత్తరము తెలుగున, సాధ్యమైనచో కాగితముమీద ననుగ్రహింప ప్రార్థన. ఓటీపీయే పంపవలసివచ్చినచో, ఆతడు బడినుండి తిరిగివచ్చు సాయంకాలము ఐదు గంటల తరువాత పంపించునది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంత రికార్డు గుమాస్తా, శ్రీకాకుళము జిల్లా