సభలో మూడవ పక్షము

ఇద్దరు నవలాకారులు ఒక వేదికపై కూర్చుండి సంభాషించుచుండగా విని యానందించు ఆచారము మన పట్టణములయందు నానాట ప్రబలుచున్నది. పుస్తక ప్రదర్శనములయందును, సాహిత్యోత్సవములయందును ఇట్టి గోష్ఠులకు జనము మూగుచున్నారు. సంతోషింపదగిన విషయమే. కాని సభ ముగిసిన పిమ్మట శ్రోతలు చెప్పుకొను మాటలను ఆలకింపుడు. ఒకరి చమత్కారము మెరుపువలె నున్నదని కొందరు, రెండవవారే నెగ్గిరని కొందరు. కోడిపందెము చూచి వచ్చువారి మాటలకును, ఈ మాటలకును భేదమేమి?

మన పూర్వులు ప్రశ్నించువానికి సభలో నిట్టి చిన్నచూపు కల్పింపలేదు. అష్టావధానమున అవధాని యొక్కడు, పృచ్ఛకులు ఎనమండుగురు. సమస్య నిచ్చువాడేకాదు, అప్రస్తుత ప్రసంగము చేయువాడు సహితము సమర్థుడై యుండవలెను. పృచ్ఛకుడు దుర్బలుడైనచో అవధానము రాణింపదు. నవలాకారుల గోష్ఠికి పోవునపుడు మన మీ సంప్రదాయమును గుమ్మమునందే విడిచి లోనికి పోవుచున్నాము.

శ్రోతలు మేల్కొనియున్న సభ యెట్లుండునో తెలుపుటకు ఒక నిదర్శనము కలదు. 1980 ఏప్రిలులో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున, గెయిన్స్‌విల్ పట్టణమునందు ఆఫ్రికా సాహిత్య పరిషత్తు సమావేశమయ్యెను. నైజీరియా దేశపు నవలాకారుడు చినువా అచెబెయు, అమెరికా నల్లజాతి నవలాకారుడు జేమ్సు బాల్డ్విన్‌ను అచట తొలిసారి కలిసికొని, ప్రజలయెదుట సంభాషించిరి. నాలుగు వందల యేండ్లుగా చూడని సోదరుని చూచితినని బాల్డ్విన్ చెప్పెను. బానిసల యోడలు విడదీసిన రెండు తీరముల కథ ఆ యొక్కమాటలో నిమిడియున్నది. ఇంతలో ధ్వనివర్ధక యంత్రమునుండి ఎవరిదో యొక అజ్ఞాత కంఠము చొచ్చుకొనివచ్చి బాల్డ్విన్‌ను అవమానించుచు పలికెను. ఆయన బెదరలేదు. తన మాట ముగించియే తీరుదుననియు, తెల్లజాతి ఆధిక్యమను సిద్ధాంతమునకు కాలము చెల్లినదనియు ఎలుగెత్తి చెప్పెను. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెను.

ఆ చప్పట్లు చమత్కారమునకు కొట్టినవి కావు. ముఖము చూపని ఆ కంఠమునకు సభ యిచ్చిన ప్రత్యుత్తరమవి. వేదికమీద ఇద్దరుండగా, క్రింద నున్నవారు మూడవ పక్షమై సంభాషణమును పూర్తిచేసిరి.

ఎచటి ఫ్లోరిడా, ఎచటి రాజవొమ్మంగి యని పాఠకులు శంకింపవచ్చును. 1958లో వెలువడిన అచెబె తొలి నవల కడపటి పుటను తెరచి చూడుడు. ఒక వీరుని బ్రతుకంతయు మనకు చెప్పిన పిమ్మట, తెల్లదొర యొకడు ఆ బ్రతుకు తాను వ్రాయబోవు గ్రంథమున ఒక్క పేరాకు సరిపోవునని తలపోయును. మన్యపు కథయు అట్టిదే కదా! పోడు వ్యవసాయమును అరికట్టిన అటవీ నిబంధనలకును, చాలీచాలని కూలికి బాటలు వేయించిన దౌష్ట్యమునకును ఓర్వలేక జనము తిరుగబడగా, ప్రభుత్వ పత్రములు దానిని పితూరీ యన్న ఒక్కమాటతో సరిపుచ్చినవి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలు అల్లూరి సీతారామరాజు దళమునకు వశమయ్యెను. రాజవొమ్మంగి ఠాణాలో బందీగా నున్న వీరయ్యదొర నాడే విముక్తుడయ్యెను.

నేడు సీతారామరాజు నామము వినినంతనే సభలు మారుమ్రోగును. మ్రోగవలసినదే. కాని వీరయ్యదొర నామము ఎందరికి తెలియును? గాము గంటందొరను, చెరసాలనుండి వచ్చి 1952లో లోకసభకు ఎన్నికైన గాము మల్లుదొరను ఎందరు స్మరింతురు? మన్యమునుగూర్చి వ్రాసినవారు వేదికపై, చదివినవారు కుర్చీలలో, బ్రతికినవారు బయట నుండుట మన సభలలో సామాన్యమైపోయినది. దొర వ్రాసిన ఒక్క పేరాను నిందించు మనము, మన నవలలలో గిరిజనునికి ఎన్ని పేరాలిచ్చితిమో లెక్క చూచుకొనవలదా?

కొండవానికి సాహిత్య విమర్శతో పనియేమని కొందరందురు. నవలాశిల్పము వానికి తెలియకపోవచ్చును. కాని కొండవాలున పోడు ఎట్లు కొట్టుదురో, ఠాణాకు పిలుపు వచ్చిన రాత్రి యింటిలో నేమి జరుగునో వానికి తెలియును. తప్పు వ్రాసిన తావును వాడు వెంటనే చూపగలడు. గిడుగు రామమూర్తి పంతులు సవరలకు చదువు చెప్పబూనినపుడు, ముందుగా తాను వారికి శిష్యుడై వారి భాష నేర్చెను. 1931లో వెలువడిన ఆయన సవర భాషా గ్రంథము ఆ వినికిడియొక్క ఫలమే. పండితునికి లజ్జ కలిగింపని పని నవలాకారునికేల లజ్జ కలిగింపవలెను?

కావున పఠన మందిరముల నిర్వాహకులకు మాదొక మనవి. మన్యపు కథ వ్రాసిన నవలాకారులను పిలువదలచినచో, ఆ గోష్ఠిని మన్యమునందే జరుపుడు. వారము ముందుగా నవలను సంతబయలునందు బిగ్గరగా చదివింపుడు. తొలి ప్రశ్న కొండ గ్రామమువాడు తన పలుకుబడిలోనే అడుగవలెను. నవలాకారులిద్దరును సమాధానము చెప్పువరకు చప్పట్లు కొట్టకుడు. ఆ ప్రశ్నకు జంకని నవలయే మనదని సగర్వముగా చెప్పుకొందము.