ఎన్నాళ్లు నీళ్లు పోయాలి?

మా నాందేడ్ ఇంటి పెరట్లోని సంపెంగ చెట్టును 2019 జులైలో తీసేశాం. ఆ సంగతి తెలిసి జగిత్యాలలో ఉండే మేనత్త రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే ఫోన్ చేసి, "అమ్మ పెట్టిన చెట్టును తీయనీకి మీకు చేతులెట్ల వచ్చినయి రా?" అని అడిగింది. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ చెప్తున్నాం. ఊరి నుంచి మొక్క తెచ్చుకొని, అది బతకక, తీయలేక సతమతమయ్యే మనలాంటి ఇళ్లు చాలానే ఉంటాయని మాకు తెలుసు.

మా తాత ఉస్మాన్‌షాహీ మిల్లులో పని కోసం వచ్చిన రోజుల్లో జగిత్యాల, నాందేడ్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. నడుమ గీత పడింది 1956లో. మనుషులకైతే ఆ గీత తర్వాత వచ్చింది గానీ, మట్టికి తేడా ఎప్పటి నుంచో ఉంది. నానమ్మ పుట్టింటి దగ్గర ఎర్ర చెల్క, నీళ్లు పోస్తే ఇట్టే ఇంకిపోతాయి. మా పెరట్లో నల్లరేగడి. ఎండాకాలం అరచెయ్యి పట్టేంత పగుళ్లు ఇచ్చి వేర్లను తెంపేస్తుంది, వానాకాలం వారం రోజులైనా నీళ్లు వదలదు. రెండడుగులు తవ్వితే సున్నపు రాళ్లు. సంపెంగకు నీళ్లు నిలవగూడదు, సున్నం పనికిరాదు. అంటే ఆ చెట్టు వద్దనే రెండూ మా దగ్గర దండిగా ఉన్నాయి.

2012లో నానమ్మ దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చింది. రెండేళ్లకు ఆమె పోయింది. చెట్టు మాత్రం చావలేదు, బతకలేదు. కొత్త ఆకులు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలేవి. ఇనుము అందకపోతే అట్లనే అవుతుంది. మన్నులో ఇనుము లేక కాదు, సున్నం దాన్ని వేరుకు అందనివ్వదు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి కొట్టాం. కొట్టిన ఆకులు పచ్చబడేవి, మళ్లీ వచ్చే చిగురు పసుపే. ఏడేళ్లు ఇదే కథ. గింజతో మొలిచిన సంపెంగ పూయడానికి ఏడెనిమిదేళ్లు పడుతుందని ఎవరో అన్న మాట కూడా మమ్మల్ని ఆపింది. వచ్చే ఏడు పూస్తుందేమో అని.

మమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టింది నీళ్ల సంగతి. 2016 ఏప్రిల్‌లో పక్కనున్న లాతూరుకు మిరజ్ నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు, గుర్తుండే ఉంటుంది. ఆ వేసవిలోనే మేము పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బకెట్ దాని మొదట్లో పోశాం. పక్కనే దొండ తీగ వాడిపోతుంటే చూస్తూ ఊరుకున్నాం. దొండను నానమ్మ పెట్టలేదు కదా!

అందుకే మా అభిప్రాయం ఇది. జ్ఞాపకానికి నీళ్లు పోస్తున్నామా, చెట్టుకు పోస్తున్నామా అన్నది ముందు తేల్చుకోవాలి. చెట్టుకే అయితే, ఎండల్లో మాత్రం తీర్పు చెప్పొద్దు. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక మొక్కెంత. మోడులా కనిపించిన మల్లె మృగశిర వానకు చిగురేయడం మేమే చూశాం. అనుమానమొస్తే కొమ్మను గోరుతో గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఎండి గోధుమ రంగులో ఉంటే ఇంకా కిందికి గీకుతూ రండి. మొదలు దాకా అట్లనే ఉంటే ఇక చేసేదేం లేదు. సంపెంగలాగా ఈడ్చుకొచ్చే చెట్టుకు గీకుడు చాలదు. ఈ ఏటి ఆకు పోయినేటి ఆకుకన్నా చిన్నగా వస్తోందా చూడాలి. ఏదైనా ఒకటి మార్చి, అంటే మన్నో, చోటో, నీళ్లో మార్చి, మూడు కాలాలు గడవనిచ్చాక కూడా చిన్నగానే వస్తుంటే, ఇక ఓపిక పేరుతో మనం దాన్ని సతాయిస్తున్నట్టే లెక్క.

ఒక్కదానికి మాత్రం గడువు ఇవ్వొద్దు. బెండ ఆకుల ఈనెలు పసుపెక్కి వల అల్లినట్టయినా, మిరప ఆకు ముడుచుకుపోయినా, అవి తెగుళ్లు. తెల్లదోమ మోసుకుపోయి పక్క మొక్కలకూ అంటిస్తుంది. అవి పీకడానికి మాకు ఒక పూట కూడా పట్టదు.

సంపెంగను తవ్వినప్పుడు వేర్లు చూశాం. తెల్లగా ఉండాల్సినవి నల్లబడి, చేత్తో పట్టుకుంటే తొక్క ఊడొచ్చింది. పక్కింటి మావశీ గోడ మీద నుంచి చూసి, "జాఊ ద్యా, దుసరం లావా" అంది. పోనీ, ఇంకోటి పెట్టండి అని. సాయంత్రానికి ఆమే ఒక పారిజాతం మొక్క తెచ్చిచ్చింది. మూడో ఏటికే రాలిన పూలు గిన్నె నిండా అయ్యేవి.

మేనత్త కోపం పండక్కి గానీ పోలేదు. దసరాకు వచ్చినప్పుడు రెండు సంచుల్లో చెల్క మన్ను, ఒక సంపెంగ అంటు పట్టుకొచ్చింది. అడుగున తూట్లు పొడిచిన డ్రమ్ములో ఆ మన్ను నింపి పెట్టాం. దొరికినప్పుడల్లా బోరు నీళ్లకు బదులు పట్టిపెట్టిన వాన నీళ్లే పోశాం. దానికి రెండేళ్లే గడువు పెట్టుకున్నాం. మేనత్తకు మాత్రం చెప్పలేదు.