చినిగిన బట్టలు ఎవరి వేషం?

ఏప్రిల్ 14 దగ్గర పడుతున్నదంటే మన ఊళ్లల్ల బడులకు వేషాల పండుగ వస్తది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ నేను చూసిన ముచ్చటే చెప్తున్న. బడి పేరు అక్కరలేదు. ఎందుకంటే ఇది ఒక్క బడి రోగం కాదు.

ఆ ఏడు పిల్లలతోటి మహద్ చెరువు మీద పాటల నాటకం కట్టినం. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలాది మందిని వెంటబెట్టుకొని పోయి చవదార్ చెరువు నీళ్లు తాగిన కథ. అప్పటికే ఆ చెరువు అందరిదని మునిసిపాలిటీ తీర్మానం చేసి ఉన్నది. కాగితం మీది హక్కును కాళ్లతో నడిచి పోయి, దోసిలితో తాగి చూపించిన రోజది.

పాటలు కుదిరినయి. వేషాల దగ్గర అసలు సంగతి బయటపడ్డది. వేషాల బాధ్యత తీసుకున్న సార్లు జాబితా రాసినారు. అగ్రకులస్థుల పాత్రలకు జరీ పంచెలు, పట్టు కండువాలు, పట్నంలో అద్దె దుకాణం నుంచి. దళితుల పాత్రలకు గోనెసంచులు, చినిగిన అంగీలు, మొకానికి మసి. అద్దె పైసలు ఎవరు కడితే వాళ్ల పిల్లకు పట్టు. కట్టలేనోళ్ల పిల్లకు గోనె. వేషం పంచిండ్రా, కులం పంచిండ్రా?

ఎనిమిదో తరగతి మాదిగ బిడ్డ ఒకామె లేచి నిలబడ్డది. వాళ్లమ్మ జీనోం వ్యాలీ కంపెనీలో ఊడ్చే పనికి పోతది. ఆ పిల్ల అన్నది: "సార్, గీ బట్టలేసుకొని నేను స్టేజి ఎక్క. మా అమ్మ నాలుగింటికి లేశి నా డ్రెస్సు ఉతికి ఆరేసి పనికి పోతది. నాటకం చూడ వస్తనన్నది. ఆమె ముందట చినుగుల గుడ్డల నిలబడాల్నా?"

"నాటకమే గదమ్మా, సహజంగా ఉండాలె" అన్నాడొక సారు.

ఎవరికి సహజం? మహద్ పోయినోళ్లు సభకు పోయిన ప్రతినిధులు. వాళ్లల్ల పట్టాళంలో పనిచేసి వచ్చిన మహర్లు ఉన్నారు. హక్కు అడగడానికి పోయేటోడు ఉన్నంతలో మంచి బట్ట కట్టుకొని పోతడు. మన తాతలు కలెక్టరు దగ్గరికి అర్జీ పట్టుకొని పోయినప్పుడు ఎట్ల పోయినరు? పెట్టె అడుగున దాచిన తెల్ల పంచె తీసి కట్టుకొనే గదా!

బట్ట చిన్న సంగతి అనుకునేటోళ్లు చరిత్ర చూడాలె. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్లు రొమ్ము కప్పుకోవడానికి ఏండ్ల తరబడి కొట్లాడితే 1859లో గాని రాజు ఒప్పుకోలేదు. 1928లో ఇందూరు వైపు బలాయీ కులస్థులు జరీ అంచు తలపాగా చుట్టొద్దని, రంగు అంచు ధోతి కట్టొద్దని, వాళ్ల ఆడవాళ్లు వెండి బంగారం పెట్టొద్దని పెత్తందార్లు హుకుం వేసిండ్రు. అంబేద్కర్ ఈ సంగతి 'కుల నిర్మూలన'లో రాసినాడు. ఆయనే 1927 డిసెంబరులో మహద్ సభకు వచ్చిన ఆడవాళ్లతోటి, మీ కులం గుర్తుపట్టే తీరుగ చీర కట్టొద్దు, శుభ్రంగ కట్టుకోండని చెప్పినాడు. మా తాత గడీ ముందటికి వస్తే భుజం మీది తువ్వాల నడుముకు చుట్టేటోడు, చెప్పులు చేతిల పట్టుకునేటోడు. గడీ దొరతనం పోయింది గని, ఆ తువ్వాలను మళ్ల మన పిల్లల భుజం మీది నుంచి దించుతున్నది బడి వేదిక!

"మరి పేదరికం ఉన్నది గదా, చూపొద్దా?" అంటరు. చూపాలె, బరాబర్ చూపాలె. కాని అతుకు వేరు, చినుగు వేరు. మన తల్లులు చినిగింది చినిగినట్ల వదిలిపెట్టలేదు. పాత చీరలు కలిపి బొంత కుట్టిండ్రు, మోకాలి కాడ అతుకేసిండ్రు. అతుకుల పేదరికమూ కనబడతది, కుట్టిన చెయ్యీ కనబడతది. చినుగుల మనిషే కనబడడు.

గద్దర్‌ను చూడండి. తూప్రాన్ బిడ్డ, ఇంజనీరింగ్ కాలేజీ దాకా పోయినోడు. గోచి కట్టి, గొంగడి వేసుకొని, గజ్జె కట్టి ఆడితే ఆ గొంగడి దీనత్వం కాలేదు, జెండా అయింది. ఎందుకంటే ఆ వేషం ఆయన ఎంచుకున్నది, ఇంకొకరు తొడిగింది కాదు. 2023 ఆగస్టులో ఆయనను మన పక్కన అల్వాల్‌లోనే, ఆయన పెట్టిన మహాబోధి బడి ఆవరణలో ఖననం చేసినారు.

కిరీటాలు మనకు కొత్తగావు. చిందు కళాకారులు పొనికి కర్ర చెక్కి కిరీటాలు, భుజకీర్తులు తయారు చేసుకున్నారు. అర్దళం పూసుకొని, జాంబపురాణం ఆడి, మాదిగ పుట్టుకను గర్వంగా చెప్పినారు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూసేదాకా ఆ కళకు పేరు తెచ్చింది. ఇంత విద్య ఇంట్ల పెట్టుకొని ప్లాస్టిక్ కిరీటం అద్దెకు తెచ్చుడేంది?

ఆ బిడ్డ మాట పట్టుకొని మేం రెండు ఆదివారాలు కూర్చున్నం. తల్లులు పాత తెల్ల పంచెలు, వాయిల్ చీరలు తెచ్చిండ్రు. ఉతికి, నీలిమందు పెట్టి, గంజి వేసినం. పాత చీరలు పొడుగ్గా చింపితే తలపాగాలు అయినయి. ఒక పెద్దమనిషి పెండ్లి కోటును మేరన్న కచ్చా కుట్టు వేసి చిన్నగ చేసిండు. నాటకం అయినంక కుట్టు విప్పితే ఎవరి కోటు వాళ్లకే. నాలుగు నీలిరంగు చీరలు కలిపి కుడితే చెరువు అయింది. అట్టకు చింతగింజల జిగురు పెట్టి పలకలు చేసినం. అయిన ఖర్చు దారానికి, రంగు కాగితాలకే.

ఇద్దరు ముగ్గురు సార్లు మొకం ముడుచుకున్నరు, నాటకం నాడు రాలేదు. ఆ బిడ్డ వాళ్లమ్మ అతుకేసిన తెల్ల చీర కట్టుకొని, అందరికన్న ముందు చెరువుల దోసిలి పెట్టింది. తల్లి ముందు వరుసల కూసున్నది.

సంఘాల తమ్ముళ్లారా, ప్రతి ఊరి బడిలో నాలుగు మాటలు అడగండి. వేషానికి పిల్లల దగ్గర పైసలు వసూలు చెయ్యొద్దు. ఏ పిల్ల మొకానికీ మసి పూయొద్దు. నల్లగున్నోడు రాక్షసుడు, తెల్లగున్నోడు రాముడు అనే లెక్క బందు పెట్టాలె. వేషాల కమిటీల మన వాడ తల్లులు కూసోవాలె.

అడుగుడు మన పని. అడగకపోతే వచ్చే ఏడు మళ్ల గోనెసంచి మన బిడ్డకే వస్తది.

జై భీమ్!