నదుల నుడికట్టు: ముడుల విప్పు



గత మాసపు నుడికట్టునకు మీరు పంపిన సమాధానములన్నియు మాకు చేరినవి. పెన్నానదియు, దానిలో కలియు నైదు యేరులును విషయముగా మేము కూర్చిన గళ్ళివి. మా కమలాపురము పాపఘ్ని యొడ్డున నున్నది. ఆ పాపఘ్ని యిచ్చటి సమీపముననే పెన్నలో కలియును. ఇంటిముంగిట నున్న నీటి పేర్లనైనను మన బిడ్డలెరుగకున్నారే యను చింతతో నీ విషయము నెన్నుకొంటిమి. ఈ నెల ముడులు విప్పి చూపుటతో పాటు మా తప్పు నొకదానిని గూడ చెప్పుకొనవలసియున్నది. అది చివరకు వచ్చును.

క్రొత్తగా చేరిన సోదరీమణులకై రెండు మాటలు. ఈ గళ్ళ యాటను 1913 డిసెంబరు 21వ తేదీన న్యూయార్కు వరల్డు అను పత్రికలో ఆర్థర్ విన్ అను నాతడు మొదట ప్రకటించెను. అప్పటి గళ్ళు వజ్రాకృతిలో నుండెడివి. మన భాషలో శ్రీశ్రీ కూర్చిన వానికి పదబంధ ప్రహేళిక యని పేరు. గళ్ళ నుడికట్టు అను పేరును మీరు వినియేయుందురు. ఇంగ్లీషువారి గడిలో ఒక్క వర్ణమే పట్టును. మన గడిలో ఒత్తులతో, గుణింతముతో గూడిన నిండు అక్షరము కూర్చుండును. కావున వారికి పది గళ్ళు పట్టు మాట మనకు నాలుగింట ముగియును. కాని అడ్డమును నిలువును కలిసికొను చోటు దొరకుట కష్టము. పె, న్న అను రెండక్షరములు గల పెన్నకు మరియొక నదితో నొక్క యక్షరమైనను కలియలేదు. భూమిపై నన్ని యేరులును తనలో కలుపుకొను తల్లి మా గళ్ళలో నొంటరిగా నిలిచినది. చివరకు ‘అన్నము’ అను మాటలోని ‘న్న’తో దానిని ముడివేసితిమి.

గళ్ళు మాత్రమే విదేశమునుండి వచ్చినవి, ముడులు మనవే. వాత్స్యాయనుడు ప్రహేళికను అరువదినాలుగు కళలలో నొకటిగా లెక్కించెను. దండి కావ్యాదర్శమున పదునారు విధముల ప్రహేళికలకు పేర్లు పెట్టెను. పదములు సంధిలో కలిసిపోయి యర్థము మరుగుపడినచో అది ‘సమాగత’. మరియొక యర్థమున రూఢమైన మాటతో వినువారిని త్రోవ తప్పించినచో అది ‘వంచిత’. ఈ రెండు పేర్లను మనసున నుంచుకొనుడు.

ఇక ముడులు.

‘ఆమె చూపెన్నడును తూర్పునకే, అందు దాగినది (2).’ చూపు, ఎన్నడును అను రెండు మాటలు సంధిలో ‘చూపెన్నడును’ అయినవి. మొదటి యక్షరమును, చివరి రెంటిని విడిచి నడుమ చదువుడు: పెన్న. ఇదియే సమాగత. ముడి యింపుగా కుదిరినదని మేము మురిసితిమి. అనంతపురము వైపు సోదరి యొకామె మా మురిపెమును దించినది. పెన్న నందికొండలలో పుట్టి మొదట ఉత్తరముగా పారి, అనంతపురము సీమకు వచ్చిన పిమ్మట గదా తూర్పునకు తిరుగుట. ‘ఎన్నడును’ అని యెట్లు వ్రాసితిరని యడిగినది. నిజమే. గండికోట లోయ దాటి వచ్చిన పెన్ననే మేము చూచుచుంటిమి గాని పుట్టినింటి పెన్నను తలపలేదు. ముడి కుదిరినంత మాత్రమున మాట నిజము కావలదా?

‘పాపను గాదు, పాప వెనుక సున్న చేరినచో దానిని చంపునది (3).’ పాప వెనుక సున్న చేరిన ‘పాపం’. చంపుట యను నర్థము గల హన్ ధాతువునుండి ‘ఘ్ని’ వచ్చినది. పాపములను చంపునది గావున పాపఘ్ని. దీనిని దాదాపుగా నందరును విప్పిరి. కొందరు ‘ఘ’కు బదులు ‘గ’ వ్రాసిరి. వాడుకలో నట్లే పలుకుదుము గనుక తప్పు పట్టలేదు.

‘ఒక నక్షత్రము గలది, పుట్టపర్తి చెంత పారును (4).’ నక్షత్రము చిత్ర. ‘వతి’ యనగా గలది. చిత్రావతి. నదిపేరు చిత్తానక్షత్రమునుండి వచ్చెనని దీని భావము కాదు. ముడికొరకు మాటను అచ్చట విరిచితిమి, అంతియే. ఒక సోదరి ‘రేవతీనది’ యని నింపి, అక్షరము లైదు గనుక చివరి రెంటిని ఒక గడిలోనే యిరికించి పంపినది. ఇంత యోపిక గల యామె యింట వస్తువు లెంత పొందికగా నుండునో యని మేము ముచ్చట పడితిమి. కాని మార్కు ఇయ్యలేదు.

‘కుందేలు తోక మారి పారినది (3).’ కుందేలు లోని తోక ‘లు’ను ‘రు’గా మార్చిన కుందేరు, అనగా కుందూనది. ఇది మా పదునొకండేండ్ల బాలుడు కూర్చినది. మేము కూర్చిన వానికంటె నిదియే బాగున్నదని పదునేడుగురు వ్రాసిరి. వాడు ఆ యుత్తరములను వాకిట తలుపునకు అంటించినాడు.

ఇచ్చట మావారికిని మాకును చిన్న తగవు. ఏరు అను మాటను బండిఱతో ‘ఏఱు’ అని వ్రాయుట సాధువనియు, బడిపంతులు భార్య రేఫతో వ్రాయుట తమకు తలవంపనియు వారి వాదము. మేమును తాతగారి చెంత అట్లే నేర్చితిమి. కాని నేటి బిడ్డలు చదువు పుస్తకములలో బండిఱ కానరాదు; వారు నింపలేని గడి యెందులకు? ఈ తీర్పుతో మావారు తృప్తి చెందలేదని ప్రకటించుటకు వారే మమ్ము కోరిరి.

‘సరుకులు, గిన్నెలు, లేగలు, రుబ్బురోళ్ళు: అన్నింటి తలలను కొట్టుకొనిపోయినది (4).’ నాలుగు మాటల తలలు, అనగా మొదటి యక్షరములు: స, గి, లే, రు. సగిలేరు. ఇది నిలువు, కుందేరు అడ్డము, రెండును చివరి ‘రు’ గడిలో కలిసినవి.

ఇక మిగిలినది చెయ్యేరు. మేము వ్రాసినది: ‘చెయ్యిచ్చిన యేరు (3).’

మా తలపు నిది. చెయ్యేరునకు బాహుద యనియు పేరు. బాహువు నిచ్చినది బాహుద. అమరకోశమున వారివర్గములో బాహుదకు సైతవాహిని యను పర్యాయము చిన్ననాడు వల్లించినదే. భారతము శాంతిపర్వములో శంఖలిఖితుల కథ మీరెరుగుదురు. అన్నగారి తోటలోని పండ్లు అడుగక తిన్న దోషమునకు లిఖితుడు సుద్యుమ్న మహారాజు నొద్దకు తానే పోయి దండన కోరెను, చేతులు ఖండింపబడెను, అన్నగారి మాటపై బాహుదలో మునుగగా చేతులు మరల వచ్చెను. ఆ బాహుద మా చెయ్యేరే యని యీ సీమవారి నమ్మకము. నందలూరి సౌమ్యనాథస్వామి యాలయము దీని యొడ్డుననే యున్నది. కావున ఈ యేరు చెయ్యి నిచ్చినది. లోకమున ‘చెయ్యిచ్చుట’ యనగా నమ్మించి మోసగించుట గదా. చదువరి ఆ త్రోవను పోయి చిక్కుకొనునని మేమనుకొంటిమి. దండి చెప్పిన వంచిత సరిగా నిదియే. ఆరు ముడులలో దీనిని గూర్చియే మాకు గర్వము మెండు. అచ్చునకు పంపుటకు ముందు అత్తగారికి చదివి వినిపించితిమి. ఆమె బియ్యము చెరుగుట మాని, “ఏటితో ఎగతాళి ఏందమ్మా?” అని మరల చేట నెత్తుకొన్నది. పెద్దవారి మాట యని నవ్వి యూరకుంటిమి.

నెల గడువక మునుపే రాజంపేట వైపునుండి యొక సోదరి సమాధానము వచ్చినది. పేరు ప్రకటింపవలదని కోరినది. ముత్యములవంటి వ్రాత. గళ్ళన్నియు సరిగా నింపి, చెయ్యేటి మూడు గళ్ళను మాత్రము ఖాళీగా విడిచినది. క్రింద నొక్క వాక్యము: ఆ యేరు మాకు నిజముగనే చెయ్యిచ్చినది, ఆ మాటను నాచేత వ్రాయింపకుడు.

2021 నవంబరు 19వ తేదీ, కార్తిక పౌర్ణమి. ఆ యుదయమున పైనుండి వచ్చిన వరదకు చెయ్యేటిపై నున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగిపోయినది. పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములపై నీరు పడినది. పండుగనాడు దీపములు పెట్టుటకు పోయినవారును కొట్టుకొనిపోయిరి. ఆమె యెవరిని పోగొట్టుకొన్నదో వ్రాయలేదు, మేమడుగలేదు.

మొదట మేము చేసిన పని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. లిఖితుని కథ, బాహుదా శబ్దవ్యుత్పత్తి, దండి లక్షణము, అన్నియు చేర్చి నాలుగు పుటల జాబు వ్రాసితిమి. మా భావము వేరనియు, ఆమె అపార్థము చేసికొన్నదనియు దాని సారము. మావారు దానిని చదివి, తప్పులు దిద్దునప్పటి వలెనే యొక మూల పెన్సిలుతో సగిలేటి ఆధారమును వ్రాసి మాకు తిరిగి యిచ్చిరి. సరుకులు, గిన్నెలు, లేగలు, రుబ్బురోళ్ళు. ఒక్కటి కాదు, రెండు ముడులలో మేము వరదను ఆటవస్తువు చేసితిమి, ఎరుగక చేసితిమి.

ఎరుగకపోవుట యెట్లు? అదే నవంబరులో మా యూరిచెంత పాపఘ్నిపై వంతెన కూలినది. మా మరిది కడపలో చిక్కుకొని రెండు దినములు ఇంటికి రాలేకపోయినాడు. ఆ రెండు రాత్రులు అత్తగారు పండుకొనలేదు. వాకిట కూర్చుండి ఏటి హోరు వినుచుండిరి. వంతెన మరల వేయవచ్చును, మరిది తిరిగి వచ్చినాడు. అందుచేతనే కాబోలు మేము మరచితిమి. తిరిగి రానివారు గల యింట ఆ మూడు గళ్ళు వేరుగా నుండును.

ఆ నాలుగు పుటలను పంపలేదు. రెండు వాక్యములు వ్రాసి పంపితిమి. వానిని ఇచ్చట తిరిగి వ్రాయ నక్కరలేదు. నుడికట్టు దాచుకొను వారు పాత యాధారమును కొట్టివేసి, దీనిని వ్రాసికొన గోరుచున్నాము: ‘లిఖితుని కేది మరల వచ్చెనో అది పేరులో ముందు నిలిచిన యేరు (3).’ పాతదాని చమత్కారము దీనికి లేదు. బిడ్డలు సైతము సులభముగా విప్పుదురు.

సగిలేటి యాధారమును మార్చవలెనా యని యాలోచించుచున్నాము. మీకు తోచినది వ్రాయుడు.

ఈ మాసము అన్నియు సరిగా విప్పినవారు నలువదిముగ్గురు. వారిలో రాజంపేట వైపు సోదరిని గూడ లెక్కించితిమి. వచ్చు మాసమునకు విషయము మెట్టపంట ధాన్యములు. కొలతపాత్రల పేర్లు రెండు మూడు నడుమ తగులును, పెద్దల నడిగి తెలిసికొనుడు. గడి కొక్క యక్షరము మాత్రమే.