ప్రతి గొంతునొప్పికీ మిరియాల పాలేనా?

ముఖరోగాలు 65 అనీ, వాటిలో కంఠానికి చెందినవే 17 అనీ సుశ్రుతుడు లెక్కకట్టాడు. నేడు టాన్సిల్స్ వాపుగా భావించే తుండికేరిని వాటిలో కలపక, తాలురోగాలలో వేరుగా చెప్పాడు. అంత సూక్ష్మంగా చూసిన శాస్త్రం మనది. ఇంట్లో బిడ్డ గొంతునొప్పి అనగానే మాత్రం నోరు తెరిపించి చూడకుండానే మిరియాల పాలు కాచి ఇస్తాము. పాల మీద నాకు అభ్యంతరం లేదు. నోరు చూడకపోవడం మీదనే ఉన్నది.

గొంతునొప్పులలో అధికభాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. ముక్కు కారుతుంది, దగ్గు వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. గోరువెచ్చని ఉప్పునీరు పుక్కిలిస్తూ, అతిమధురం చప్పరిస్తూ ఉంటే ఉపశమనం కలిగి, కొద్ది రోజులలో అవే సర్దుకుంటాయి. వీటికి మందులషాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు వృథా. (ఈ అలవాటూ మన ఇళ్ళలో బాగానే పాతుకుపోయింది!)

స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా తీరు వేరు. ఇది ముఖ్యంగా 5 నుండి 15 ఏళ్ళ పిల్లలను పట్టుకుంటుంది. ఉదయం ఆడుకున్న బిడ్డకు సాయంత్రానికి జ్వరం. గుటక వేయాలంటే బాధ. దగ్గు, జలుబు సాధారణంగా ఉండవు. "జలుబైనా లేదు కదా" అని తల్లులు ధైర్యపడేది ఇక్కడే, అనుమానించవలసిందీ ఇక్కడే. మంచి వెలుతురులో చెంచా కాడతో నాలుకను మెల్లగా అణచి చూడండి. టాన్సిల్స్ ఎర్రగా వాచి, వాటిపై తెల్లని పూత, అంగిలిపై ఎర్రని చుక్కలు కనిపించవచ్చు. దవడ క్రింద బిళ్ళలు కట్టి, తాకితే నొప్పి పెడతాయి. కొందరు పిల్లలలో కడుపునొప్పి, వాంతులు కూడా తోడై అజీర్ణమేమోనని భ్రమింపజేస్తాయి. ఈ లక్షణాలన్నీ ఉన్నా ఇదేనని నిర్ధారించేది గొంతులోని స్రావాన్ని తీసి చేసే పరీక్షయే.

చిక్కేమిటంటే, ఏ మందూ వేయకపోయినా ఈ నొప్పి సుమారు వారంలో తగ్గిపోతుంది. ఆ కీర్తి కషాయానికి దక్కుతుంది. మరి రెండు మూడు వారాలకు కొందరు పిల్లలలో కీళ్ళు వాచి రుమాటిక్ జ్వరం వస్తుంది. అది గుండె కవాటాలను శాశ్వతంగా చెరచగలదు. నొప్పి మొదలైన 9 రోజుల లోపల పెన్సిలిన్ జాతి మందు ఆరంభిస్తే చాలావరకు దీనిని నివారించవచ్చు. ఊపిరి కష్టమైనా, ఉమ్మి కూడా మింగలేక చొంగ కారుతున్నా పరీక్షల కోసం ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

తులసి, పసుపు వాడుకోండి, నొప్పికి హాయినిస్తాయి. కాని డాక్టరు 10 రోజులకు వ్రాసిన మందును, నాలుగవ రోజున బిడ్డ లేచి ఆడుకుంటున్నాడని అలమరలో పెట్టివేయకండి.